బ్యారీ జోన్స్ కేసు: రాష్ట్రం వేసిన మరణశిక్షలో ఫెడరల్ కోర్టు అసలు ఏం చూస్తుంది?

కొవ్వూరు_కుర్రాడు
అందరికీ నమస్తే. నేను ఛాండ్లర్‌లో ఉంటాను, ఆరిజోనా వచ్చి ఏడాదిన్నర అయింది. నిన్న లంచ్‌లో మా టీమ్‌లో టూసాన్ ఆయన ఒకడు బ్యారీ జోన్స్ అనే అతని సంగతి చెప్పాడు. 1995లో హత్య కేసులో మరణశిక్ష పడిందట, 2018లో ఫెడరల్ జడ్జి ఆ తీర్పు చెల్లదన్నాడట, 2022లో సుప్రీంకోర్టేమో ఆ జడ్జి అసలు ఆ సాక్ష్యం చూడనే కూడదు అందట, తీరా 2023లో మనిషి బయటికొచ్చేశాడట. నాకు బుర్ర తిరిగిపోయింది.

రెండు డౌట్లు. రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయాక ఫెడరల్ జిల్లా జడ్జి మళ్లీ ఎలా చూస్తాడు? మన దగ్గర హైకోర్టు ఇచ్చిన తీర్పును జిల్లా జడ్జి కొట్టేయడం ఎక్కడైనా విన్నామా? రెండోది, సాక్ష్యం కళ్లముందు ఉన్నా చూడకూడదంటే అదేం న్యాయం? లా చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త తెలుగులో చెప్పండి.

సత్తిబాబు_హ్యూస్టన్
మా టెక్సస్ పంపించండి తమ్ముడూ, ఇంత సాగదీయరు 😀

పద్మ_డాలస్
సత్తిబాబు గారూ, టెక్సస్‌లో కూడా మామూలుగా పదేళ్లు దాటుతోంది, ఆ గొప్ప మనకొద్దు.

కొవ్వూరు తమ్ముడూ, నేను లాయర్ని కాదు, ఒక లా ఆఫీసులో పేరలీగల్‌ని, అంటే లాయర్లకి సాయం చేసేదాన్ని, ఫైళ్లు సర్దీ సర్దీ వచ్చిన జ్ఞానమే నాది. మొదటి డౌట్ చెప్తాను. మన దేశంలో కోర్టులన్నీ ఒకే నిచ్చెన. సెషన్స్, పైన హైకోర్టు, ఆ పైన సుప్రీంకోర్టు. ఇక్కడ రెండు నిచ్చెనలు పక్కపక్కన ఉంటాయి, ఒకటి రాష్ట్రానిది, ఇంకొకటి ఫెడరల్‌ది. హత్య అనేది రాష్ట్రం నేరం కాబట్టి విచారణ రాష్ట్ర కోర్టులో. అక్కడ జ్యూరీ దోషి అంటుంది, రాష్ట్ర సుప్రీంకోర్టు అప్పీలు వింటుంది, అది పోయాక అదే రాష్ట్రంలో ఇంకో రౌండ్ ఉంటుంది, పోస్ట్ కన్విక్షన్ అంటారు. మా లాయరు సరిగా వాదించలేదు, ప్రాసిక్యూషన్ ఫలానా కాగితం దాచింది లాంటి రికార్డులో లేని ఫిర్యాదులు అక్కడ చెప్పుకోవాలి. అవన్నీ అయ్యాకే ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు గుమ్మం ఎక్కనిస్తారు.

ఎక్కేది అప్పీలుగా కాదు. హేబియస్ కార్పస్‌గా. అంటే "నన్ను అమెరికా రాజ్యాంగానికి విరుద్ధంగా బంధించారు" అని జైలు అధికారి మీద వేసే కొత్త దావా. అందుకే జోన్స్ కేసు సుప్రీంకోర్టుకి వెళ్లినప్పుడు షిన్ వర్సెస్ రమిరెజ్ అనే పేరుతో ఉంది. షిన్ అప్పటి ఆరిజోనా జైళ్ల డైరెక్టర్. రమిరెజ్ వేరే ముద్దాయి, రెండు కేసులూ కలిపి విన్నారు. కాబట్టి కింది జడ్జి పై కోర్టు తీర్పు కొట్టేస్తున్నట్టు కాదు, వేరే ప్రభుత్వపు జడ్జి "ఈ మనిషిని ఏ అధికారంతో పట్టుకున్నావు" అని జైలర్ని అడుగుతున్నట్టు.

నాంపల్లి_జూనియర్
పద్మక్కా బాగా చెప్పారు. హేబియస్ కార్పస్ అంటే మా తరంలో మేజరైన అమ్మాయిని ఇంట్లో బంధించారు, మా బావని పోలీసులు ఎత్తుకెళ్లి చూపించడం లేదు, ఇవే. పౌరహక్కుల లాయరు కన్నబిరాన్ గారి టైమ్‌లో నక్సలైట్ల పేరుతో తీసుకుపోయిన వాళ్ల కోసం హైకోర్టులో వేసిన పిటిషన్లు కూడా అవే. మనిషిని ప్రవేశపెట్టండి అన్నంత వరకే మనకు తెలుసు. శిక్ష పడి, అప్పీళ్లన్నీ అయిపోయినవాడు అదే పిటిషన్‌తో తీర్పునే తిరగదోడటం మన దగ్గర దాదాపు లేదు.

మన దగ్గర ఉరిశిక్ష పడితే ముద్దాయి అప్పీలు వేసుకున్నా వేసుకోకపోయినా హైకోర్టు కన్ఫర్మ్ చేయాలి, అది మాత్రం అమెరికా కంటే నయం అనిపిస్తుంది, ఎందుకంటే హైకోర్టు సాక్ష్యం మొత్తం మొదటి నుంచి చదువుతుంది.

రిటైర్డ్_పీపీ_రాజమండ్రి
దాన్నే ఆర్.టీ. అంటాం, రిఫర్డ్ ట్రయల్. నేను ముప్పై ఏళ్లు సర్కారు తరఫున నిలబడినవాణ్ణి కాబట్టి నా మాట ఎటు ఉంటుందో మీకు ముందే తెలుసు. అడిగినవాళ్లంతా ముద్దాయి వైపు నుంచే అడుగుతున్నారు. జోన్స్ కేసులో చనిపోయింది నాలుగేళ్ల పాప. ఆ పాప తరఫువాళ్లు 28 ఏళ్లు కాగితాల చుట్టూ తిరిగారు. జ్యూరీ విన్నది, రాష్ట్ర సుప్రీంకోర్టు విన్నది, మళ్లీ రాష్ట్రంలోనే రెండో రౌండ్, ఆ తర్వాత ఫెడరల్‌లో మూడు అంతస్తులు. ఎక్కడో ఒకచోట ఆఖరు అనేది ఉండాలి కదా. డిఫెన్సు చూసుకోవాల్సింది డిఫెన్సు చూసుకోకపోతే అది ప్రాసిక్యూషన్ తప్పా? రాష్ట్రం తప్పా?

ఎడారి_మల్లి
సార్ మీ మాట కాదనను, కానీ కేసు ఏమిటో ఒక్కసారి వినండి. నేను టూసాన్‌లో 20 ఏళ్లకు పైగా ఉన్నాను, ఇక్కడి పేపర్లో ఈ కేసు గురించి వచ్చిందల్లా చదివాను.

1994 మే నెల మొదటి వారం. జోన్స్ ఒక ట్రైలర్ పార్కులో ఉండేవాడు, అతని గర్ల్‌ఫ్రెండ్, ఆవిడ పిల్లలు కూడా అక్కడే. ఆవిడ నాలుగేళ్ల కూతురు ఆదివారమంతా నలతగా ఉంది, సోమవారం పొద్దున ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ప్రాణం లేదు. పోస్టుమార్టంలో కడుపు మీద బలమైన దెబ్బకి చిన్నపేగు చిరిగి ఇన్ఫెక్షన్ పాకిందని తేలింది. ఒంటి మీద వేరే గాయాలు కూడా ఉన్నాయి, అవి ఇక్కడ రాయను. ఆదివారం మధ్యాహ్నం పాప జోన్స్‌తో వ్యాన్‌లో ఒంటరిగా వెళ్లింది కాబట్టి దెబ్బ అప్పుడే తగిలింది, కొట్టింది అతనే. ప్రాసిక్యూషన్ కథ మొత్తం ఆ మధ్యాహ్నం మీదే నిలబడింది. గమనించండి, ఆ టైము పోతే కథ పోతుంది. ఆ టైము నిజమా కాదా అని డిఫెన్సు లాయరు ఒక్క స్వతంత్ర డాక్టరు దగ్గరికి వెళ్లి గట్టిగా అడిగించలేదు. డిఫెన్సు తరఫున జ్యూరీ ముందు నిలబడిన సాక్షి ఒక్కరే, జోన్స్ సొంత కూతురు, చిన్నపిల్ల.

1995లో దోషి అన్నారు. అప్పట్లో ఆరిజోనాలో మరణశిక్ష వేయాలా వద్దా అనేది జడ్జి ఒక్కడే తేల్చేవాడు, జ్యూరీ కాదు. ఆ పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు 2002లో ఆరిజోనా కేసులోనే అంది. కానీ జోన్స్‌కి అది పనికిరాలేదు, అప్పటికే అప్పీలు ముగిసినవాళ్లకి ఆ తీర్పు వర్తించదన్నారు.

కొవ్వూరు_కుర్రాడు
అమ్మో. అయితే టైమ్ తప్పని ఎవరు తేల్చారు? ఎప్పుడు?

ఎడారి_మల్లి
ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్లు, అంటే లాయర్ని పెట్టుకోలేనివాళ్లకి ప్రభుత్వం ఇచ్చే లాయర్లు. రాష్ట్రంలో రెండో రౌండ్‌కి వచ్చిన లాయరు కూడా ఈ డాక్టర్ల సంగతి పట్టించుకోలేదు, ఫెడరల్‌కి వచ్చాకే కేసు చదివేవాళ్లు దొరికారు. 2017లో ఏడు రోజులు విచారణ జరిగింది, డాక్టర్లు వచ్చి ఆ గాయం ఆదివారం మధ్యాహ్నానిది కాదు, ఇంకా ముందుది అయ్యే అవకాశమే ఎక్కువ అని చెప్పారు. అలాస్కా నుంచి వచ్చి కూర్చున్న జడ్జి టిమథీ బర్జెస్ 2018 జూలైలో తీర్పు ఇచ్చాడు. ఇది జ్యూరీ విని ఉంటే ఇంకోలా తేల్చి ఉండేదని నమ్మడానికి కారణం ఉంది, లాయరు చేసింది రాజ్యాంగం కోరే స్థాయి వాదన కాదు, కాబట్టి మళ్లీ విచారించండి లేదా వదిలేయండి అన్నాడు. 2019లో దాని పై మెట్టు, తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కూడా సమర్థించింది.

డాక్టర్_వరంగల్
నేను ఫోరెన్సిక్ మెడిసిన్‌లో కొన్నాళ్లు ట్యూటర్‌గా చేశాను, ఈ భాగం వరకు చెప్పగలను. పొట్ట మీద గట్టిగా తన్నినా గుద్దినా పేగు వెన్నుపూసకీ ఆ దెబ్బకీ మధ్య నలిగి చిరుగుతుంది. బయట చర్మం మీద పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. పేగులోది కడుపులోకి కారడం మొదలవుతుంది, కానీ పిల్ల వెంటనే పడిపోదు. వాంతులు, నీరసం, ఆకలి లేకపోవడం, కాసేపు ఆడుకోవడం కూడా ఉంటుంది, చూసేవాళ్లు ఏదో జ్వరమో అజీర్తో అనుకుంటారు. తర్వాత పెరిటోనైటిస్, అంటే కడుపు లోపలి పొరంతా ఇన్ఫెక్షన్.

చనిపోయాక మైక్రోస్కోప్ కింద ఆ చిరుగు అంచులు చూస్తే తెల్లకణాలు ఎంత చేరాయి, మాను పట్టడం మొదలైందా లేదా అన్నదాన్ని బట్టి గంటలా రోజులా అని ఒక అంచనా వస్తుంది. అంచనాయే. "మధ్యాహ్నం మూడింటికీ అయిదింటికీ మధ్య" అని ఏ డాక్టరైనా బోనెక్కి చెప్తే నేనైతే అనుమానిస్తాను. ఇంకో మాట, ప్రాసిక్యూషన్ డాక్టరు అబద్ధం చెప్పాల్సిన పనే లేదు. "ఆదివారం తగిలి ఉండొచ్చా?" అంటే "ఉండొచ్చు" అంటాడు, అది నిజమే. "శుక్రవారం తగిలి ఉండొచ్చా?" అని ఎవరూ అడగకపోతే దానికీ "ఉండొచ్చు" అనే జవాబు అతని నోట్లోనే ఉండిపోతుంది.

నాంపల్లి_జూనియర్
డాక్టర్ గారూ మీ చివరి లైను ప్రింటు తీసి మా బార్ రూములో అంటించాలి.

సత్తిబాబు_హ్యూస్టన్
సరే జోకులు పక్కన పెడతాను. ఇంత స్పష్టంగా ఉంటే సుప్రీంకోర్టు ఎందుకు కొట్టేసింది?

పద్మ_డాలస్
అదే రెండో డౌట్. కాఫీ తెచ్చుకోండి, పొడుగ్గా ఉంటుంది.

1995 ఏప్రిల్‌లో ఓక్లహోమా సిటీలో బాంబు పేలింది, ఏడాది తిరిగేసరికి 1996 ఏప్రిల్ 24న క్లింటన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. టెర్రరిజం, మరణశిక్షల అమలు, రెండూ దాని పేరులో ఉంటాయి. దాని పొట్టి పేరుని ఇక్కడి లాయర్లు ఎడ్పా అంటారు, మా ఆఫీసులో నేనొక్కదాన్నే దాన్ని ఏడుపు అంటాను. అది వచ్చాక హేబియస్ గుమ్మం బాగా ఇరుకైపోయింది. రాష్ట్రంలో కేసు ఆఖరైన దగ్గర్నుంచి ఫెడరల్‌లో వేయడానికి ఒక్క ఏడాది గడువు, రాష్ట్రంలో రెండో రౌండ్ నడిచినంత కాలం మాత్రం ఆ గడియారం ఆగుతుంది. రాష్ట్ర కోర్టు తప్పు తీర్పు ఇచ్చిందని ఫెడరల్ జడ్జికి అనిపిస్తే సరిపోదు. అప్పటికే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పిన సూత్రానికి అది విరుద్ధంగా ఉండాలి, లేదా బుద్ధున్న ఏ జడ్జీ ఒప్పుకోలేనంత అసమంజసంగా ఉండాలి. అంటే మామూలు తప్పు క్షమించబడుతుంది, ఘోరమైన తప్పే దొరుకుతుంది.

ఇక జోన్స్‌ది. రాష్ట్రంలో చెప్పుకోని ఫిర్యాదు ఫెడరల్‌లో చెప్పుకోకూడదనేది పాత రూలు. కానీ మొదటి లాయరు చెడగొట్టాడని చెప్పాల్సింది రెండో లాయరు కదా, ఆ రెండోవాడూ నోరు విప్పకపోతే? ఆ సందర్భంలో ముద్దాయిని శిక్షించకూడదు, ఫెడరల్‌లో వినొచ్చు అని 2012లో మార్టినెజ్ వర్సెస్ రయాన్ కేసులో సుప్రీంకోర్టే అంది. అదీ ఆరిజోనా కేసే. బర్జెస్ ఆ తలుపులోంచే లోపలికి వచ్చాడు.

2022 మే 23న ఆరుగురు ముగ్గురు తేడాతో సుప్రీంకోర్టు ఏమందంటే, సరే, ఫిర్యాదు వినొచ్చు, కానీ దాన్ని రుజువు చేసే కొత్త సాక్ష్యం తీసుకోకూడదు, ఎందుకంటే 1996 చట్టం ప్రకారం రాష్ట్ర కోర్టులో సాక్ష్యం పెట్టడంలో ముద్దాయి విఫలమైతే ఫెడరల్‌లో పెట్టనివ్వరు, లాయరు విఫలమైతే ముద్దాయి విఫలమైనట్టే. లాయరు పనికిమాలినవాడు అనే ఫిర్యాదుకి రుజువు ఎక్కడుంటుంది? ఆ పనికిమాలినవాడు రికార్డులో పెట్టని కాగితాల్లో ఉంటుంది. పెట్టలేదన్నదే ఫిర్యాదు, పెట్టలేదు కాబట్టే చూడరు. అన్నం తినొచ్చు కానీ నోరు తెరవకూడదన్నట్టు. తలుపు తెరిచి ఉంచారు, గది నిండా గోడ కట్టేశారు.

తీర్పు రాసింది జస్టిస్ థామస్. విభేదించి రాసిన సొటొమయోర్ దాన్ని వక్రం, తర్కం లేనిది అని నేరుగానే అంది.

రిటైర్డ్_పీపీ_రాజమండ్రి
పద్మ గారూ మీరు బాగా రాశారు, కానీ అవతలివాళ్ల వాదన పూర్తిగా చెప్పలేదు. చట్టం చేసింది కాంగ్రెస్, కోర్టు కాదు. చట్టంలో ఉన్న మాట "ముద్దాయి విఫలమైతే" అనేది, లాయరు చేసింది క్లయింటు చేసినట్టే అనేది వకాల్తా మీద సంతకం పెట్టిన ప్రతివాడికీ వర్తిస్తుంది. 2012 నాటి సడలింపు కోర్టు తనంతట తాను ఇచ్చుకున్నది, దాంతో కాంగ్రెస్ రాసిన చట్టాన్ని పక్కకు నెట్టలేం. రాష్ట్రంలో విచారణే అసలు జాతర, ఫెడరల్‌లో జరిగేది కొట్లు సర్దాక వచ్చినవాడికి మళ్లీ రథం లాగి చూపించడం కాదు. ఇరవై ఏళ్ల తర్వాత సాక్షులు చచ్చిపోయి, కాగితాలు చెదలు పట్టాక మళ్లీ విచారణ అంటే ఏ రాష్ట్రమైనా ఏం చేస్తుంది? ఇది కూడా న్యాయమే, మీకు నచ్చని న్యాయం.

పద్మ_డాలస్
ఒప్పుకుంటాను సార్, చట్టం మాటలు అలాగే ఉన్నాయి, నిజం. కానీ 2021 డిసెంబరులో వాదనలప్పుడు ఆరిజోనా తరఫు లాయరు ఈ కేసులో నిర్దోషిత్వం ఒక్కటే సరిపోదు అని ఆ జడ్జిల ముందు నిలబడి అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

నాంపల్లి_జూనియర్
వకాల్తా మాట వచ్చింది కాబట్టి. మా దగ్గర క్లర్కు డేట్ తప్పు రాసుకుంటే ఏం చేస్తాం? ఆలస్యం మన్నించమని డిలే కండోన్ పిటిషన్, "జ్వరం వల్ల, లాయర్ని కలవలేకపోవడం వల్ల" అని అఫిడవిట్, జడ్జిగారు విసుక్కుని అయిదు వందలో వెయ్యో కాస్ట్స్ వేసి అలౌ చేస్తారు. అమెరికాలో మెయిల్‌రూమ్ కేసు ఒకటి ఉంది, కోరీ మేపుల్స్, అలబామా, మరణశిక్ష. న్యూయార్క్‌లో పెద్ద లా ఫర్మ్ నుంచి ఇద్దరు కుర్ర లాయర్లు ఉచితంగా చూస్తున్నారు, ఇద్దరూ ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు, కోర్టుకీ చెప్పలేదు, క్లయింటుకీ చెప్పలేదు. అలబామా కోర్టు పిటిషన్ కొట్టేసి ఆ ఇద్దరికీ కవర్లు పంపింది. ఫర్మ్ మెయిల్‌రూమ్ వాళ్లు విప్పకుండానే తిప్పి పంపేశారు. కోర్టు గుమాస్తా తిరిగొచ్చిన కవర్లు ఫైల్లో పెట్టుకుని ఊరుకున్నాడు. అప్పీలుకి గడువు 42 రోజులు, దాటిపోయింది. ఫెడరల్ కోర్టులు రెండూ "గడువు దాటింది, అంతే" అన్నాయి. చివరికి 2012లో సుప్రీంకోర్టు ఏడుగురు ఇద్దరు తేడాతో, లాయర్లు వదిలేసి పారిపోతే వాళ్లు ఇక లాయర్లే కాదు కాబట్టి ఆ తప్పు ఇతనికి అంటదు అంది.

చూశారా, లాయరు చెడగొడితే తప్పు నీది, లాయరు పారిపోతే నీది కాదు. అంటే పారిపోయే లాయరు దొరకడమే అదృష్టం.

సత్తిబాబు_హ్యూస్టన్
😂 మా ఊళ్లో అయితే రెండు రకాలూ దొరుకుతారు

ఎడారి_మల్లి
నవ్వొచ్చింది కానీ నవ్వలేకపోయాను.

గుంటూరు_టు_ఫిలీ
మనవాళ్ల కేసు ఒకటి ఎవరూ ఎత్తలేదేంటి? ఫిలడెల్ఫియా పక్కన కింగ్ ఆఫ్ ప్రష్యాలో 2012 అక్టోబరులో జరిగింది. డబ్బు కోసం పదినెలల పాపను ఎత్తుకెళ్లబోయి నాయనమ్మనీ, పాపనీ చంపిన కేసు. చేసింది యండమూరి రఘునందన్. 50,000 డాలర్లు అడుగుతూ చీటీ. ఆ వారం ఇక్కడ పాపను వెతకడానికి మన తెలుగువాళ్లంతా కాగితాలు పంచుతూ తిరిగారు, నేనూ తిరిగాను. చేసినవాడు కూడా మనవాడే అని తెలిసిన రోజు ఎవరికీ అన్నం సహించలేదు. 2014లో మరణశిక్ష పడింది. నేరం రుజువు చేసే దశలో తన కేసు తనే వాదించుకున్నాడు. 2017లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు శిక్ష ఖాయం చేసింది, 2018 ఫిబ్రవరి 23 అని తేదీ కూడా వేశారు, వాట్సాప్‌లో అయితే ఉరి తీసేశారని కూడా తిప్పేశారు.

పద్మ_డాలస్
అమలు కాలేదు, అది స్పష్టంగా రాద్దాం. పెన్సిల్వేనియాలో 2015 నుంచి గవర్నర్లు మరణశిక్షలు అమలు కానివ్వడం లేదు, ఆ రాష్ట్రంలో ఆఖరి అమలు 1999లో. రాష్ట్రంలో మొదటి అప్పీలు పోగానే, ఇంకా రెండో రౌండ్, ఫెడరల్ రౌండ్ మిగిలి ఉండగానే అక్కడ తేదీ వేసేస్తారు, అది చట్టంలో ఉన్న లాంఛనం. తేదీ చూసి మనవాళ్లు కంగారుపడ్డారు.

ఇంకొకటి, తన కేసు తనే వాదించుకునేవాడు తర్వాత "నా లాయరు సరిగా వాదించలేదు" అని ఆ దశ గురించి చెప్పుకోలేడు. ఇప్పటిదాకా మనం మాట్లాడుకున్న తలుపు ఆ భాగానికి అసలుకే మూత.

గుంటూరు_టు_ఫిలీ
ఓ, ఇది నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ కేసులో నాకు ఫెడరల్ కోర్టు అంటే కోపమే వస్తుంది. జోన్స్ గురించి చదువుతుంటే జాలి వేస్తోంది. రెండిటికీ ఒకే చట్టం కదా, ఏం చేయను.

కొవ్వూరు_కుర్రాడు
మన దగ్గర చిలకలూరిపేట బస్సు కేసు అలాగే కదా? మా నాన్న చెప్తుంటారు.

నాంపల్లి_జూనియర్
అవును, 1993 మార్చిలో బస్సుకి నిప్పు పెడితే 23 మంది కాలిపోయారు. ఇద్దరికి ఉరి. సుప్రీంకోర్టు ఖాయం చేసింది, తేదీ కూడా ఖరారయ్యాక 1997లో ఆగింది, 1998లో కె.ఆర్. నారాయణన్ గారు రాష్ట్రపతిగా ఉండగా యావజ్జీవం అయింది. అది క్షమాభిక్ష దారి, కోర్టు దారి కాదు. దోషులా కాదా అనే ప్రశ్న కాదు, చంపాలా వద్దా అనేది.

కానీ సుప్రీంకోర్టు తన తీర్పు తనే తిప్పుకున్నదీ ఉంది. మహారాష్ట్ర కేసు, 2009లో ఆరుగురికీ ఉరే అని చెప్పి, 2019లో అదే సుప్రీంకోర్టు ఆ ఆరుగురినీ నిర్దోషులని వదిలేసింది. మరణశిక్ష కేసుల్లో రివ్యూ పిటిషన్ ఓపెన్ కోర్టులో వినాలని 2014లో చెప్పబట్టే అది సాధ్యమైంది, అంతకుముందు ఛాంబర్‌లో కాగితం మీదే కొట్టేసేవారు. మాకు రెండో నిచ్చెన లేదు, ఉన్న ఒక్క నిచ్చెన పైమెట్టు మీద నిలబడి ఇంకోసారి కిందికి చూడమని అడుక్కోవడమే.

డాక్టర్_వరంగల్
అమెరికాలో 1973 నుంచి మరణశిక్ష పడి తర్వాత నిర్దోషులుగా బయటపడ్డవాళ్లు 2024కి 200 మంది అయ్యారని చదివాను. అందులో ఫెడరల్ కోర్టు వల్ల ఎంతమంది?

పద్మ_డాలస్
విడిగా లెక్క నా దగ్గర లేదండి. ఒకటి మాత్రం చెప్తాను, పెద్ద మలుపులన్నీ హేబియస్‌లోనే రావు. ఓక్లహోమా రిచర్డ్ గ్లాసిప్ చూడండి. తొమ్మిదిసార్లు తేదీ వేశారు, మూడుసార్లు ఆఖరి భోజనం తిన్నాడు. 2015లో అయితే ఇంజెక్షన్‌కి తెప్పించిన మందు వేరేది అని ఆఖరి నిమిషంలో తెలిసి ఆపారు. మోటెల్ యజమాని హత్య, చంపినవాడు చంపానని ఒప్పుకున్నాడు, చంపించింది గ్లాసిప్ అన్నాడు, ఆ సాక్షి తన మానసిక వైద్యం గురించి బోనులో అబద్ధం చెప్తే ప్రాసిక్యూటర్ సరిదిద్దలేదు. 2025 ఫిబ్రవరి 25న సుప్రీంకోర్టు కొత్త విచారణకి పంపింది. రాష్ట్ర కోర్టు నుంచి నేరుగా వెళ్లిన కేసు అది, ఎడ్పా గోడ అడ్డం లేదు. పైగా అక్కడ ఓక్లహోమా అటార్నీ జనరలే మా వైపు తప్పు జరిగింది అని ఒప్పుకున్నాడు, అదీ రిపబ్లికన్.

కొవ్వూరు_కుర్రాడు
జోన్స్ ఎలా బయటికొచ్చాడో చెప్పనేలేదు మల్లి గారూ. సుప్రీంకోర్టులో ఓడిపోయాక ఇంకేం మిగిలింది?

ఎడారి_మల్లి
మిగిలింది ఎలక్షన్. 2022 నవంబరు ఎలక్షన్‌లో ఆరిజోనా అటార్నీ జనరల్‌గా, అంటే రాష్ట్రం తరఫు పెద్ద లాయరుగా, క్రిస్ మేయస్ గెలిచింది. వాళ్ల ఆఫీసు ఫైలు మళ్లీ చూసి డిఫెన్సుతో కూర్చుని మాట్లాడింది. 2023 జూన్ 15న పైమా కౌంటీ కోర్టులో పాత శిక్ష తీసేశారు, జోన్స్ సెకండ్ డిగ్రీ మర్డర్‌కి, అంటే ఒక మెట్టు కింది హత్య నేరానికి, ఒప్పుకున్నాడు, పాప ప్రమాదంలో ఉందని తెలిసీ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు అనే ఆధారం మీద. 25 ఏళ్ల శిక్ష, అంతకంటే ఎక్కువే లోపల ఉన్నాడు కాబట్టి ఆ రోజే బయటికి. చట్టం దృష్టిలో అతను నిర్దోషి కాదు, ఇది మర్చిపోవద్దు. పాపని పేగు చిరిగేలా కొట్టింది ఎవరో ఇప్పటికీ ఏ కోర్టూ తేల్చలేదు. అందుకే పీపీ సార్ పాప గురించి అన్నప్పుడు నాకు కోపం రాలేదు.

సత్తిబాబు_హ్యూస్టన్
అంటే జడ్జి ఏడు రోజులు విని తేల్చింది చెల్లలేదు, ఎలక్షన్‌లో ఎవరు గెలిచారో అది చెల్లింది.

రిటైర్డ్_పీపీ_రాజమండ్రి
రెండు రోజులుగా ఇది చదువుతూ నిద్ర పట్టలేదు, కాబట్టి రాస్తున్నాను. ఊరు, పేర్లు రాయను.

1980ల చివర, నేను కొత్తగా ఏపీపీ, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పని నుంచి సెషన్స్‌కి వచ్చాను. ఒకడు భార్యని కొట్టి చంపాడని కేసు, తల మీద గాయం. వాడికి లాయర్ని పెట్టుకునే తాహతు లేదు, కోర్టు ఒక కుర్ర ప్లీడర్ని ఇచ్చింది, కేసు కట్ట అతని చేతికి వచ్చింది ముందు రోజు సాయంత్రం. నేను డాక్టర్ని చీఫ్‌లో, అంటే మా సాక్షిని మేము అడిగే వంతులో, "ఈ గాయం కర్రతో తగిలి ఉండవచ్చునా" అన్నాను, "ఉండవచ్చును" అన్నాడు. డిఫెన్సు వంతు వచ్చింది, కుర్రాడు లేచి "నో క్రాస్" అని కూర్చున్నాడు. ఇంటి వెనక మెట్ల బావి ఉంది, శవ పంచనామాలో (ఇన్‌క్వెస్టులో) రాసి ఉంది, ఆమె అక్కడికి రోజూ నీళ్లకి దిగేది. పడితే కూడా అలాంటి గాయం అవుతుందేమో. కాకపోవచ్చు కూడా. వాడికి యావజ్జీవం పడింది, అప్పీలులో కూడా నిలబడింది, ఎందుకంటే రికార్డులో డాక్టరు మాట ఒక్కటే ఉంది, ఎదురు ప్రశ్న లేదు. వరంగల్ డాక్టర్ గారు రాసిన ఆ లైను చదివాక ఆ బోను కళ్ల ముందుకొచ్చింది.

వాడే చంపాడని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. అనుకోవడం వేరు.

కొవ్వూరు_కుర్రాడు
సార్, తప్పుగా అనుకోకండి, బావిలో పడి ఉండొచ్చా అని ఆ డాక్టర్ని మీరైనా అడగాలనిపించలేదా?

రిటైర్డ్_పీపీ_రాజమండ్రి
అనిపించింది బాబూ. కానీ ఆయన నా సాక్షి కదా.